కొడుకు పేరు లేని వీలునామా

ప్రశ్న: మా అమ్మగారి ట్రంకు పెట్టెలో పాత కాగితాల మధ్య 1887 నాటి వీలునామా నకలొకటి దొరికింది. రాసినాయన మా ముత్తాతకు తాతగారట. ఊరు తణుకు తాలూకా. అందులో తన ద్వితీయ భార్యకు జీవితాంతం అనుభవించేటట్టు నాలుగెకరాలు, 'నా అల్లుడు' అని ఒకాయనకు మూడెకరాలు, 'అభిమాన పుత్రుడు' అని ఒక కుర్రాడికి రెండెకరాలు రాశారు. ఇల్లు, మిగతా భూమి మొత్తం 'మైనరు అయిన నా మనుమడి'కి రాశారు. ఆ మనుమడే మా ముత్తాత. ఆయనకు గార్డియన్‌గా 'నా తమ్ముడు' అంటూ ఒకరిని పెట్టారు గానీ ఆ తమ్ముడి ఇంటిపేరు వేరు. కొడుకు ఊసే లేదు. కూతురి పేరూ లేదు. మేము మాత్రం ఆ పెద్దాయన కొడుకు వైపు సంతతి అనే ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాం. మా ఇంటిపేరు కూడా ఆయనదే. వంశవృక్షం గీద్దామని కూర్చుంటే తల తిరుగుతోంది. మేము నిజంగా కొడుకు వైపు వాళ్లమేనా? ఎలా తేల్చుకోవాలి? ఆ భూమిలో మాకిప్పుడు హక్కేమైనా ఉంటుందా?

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్న సంగతి తేల్చేద్దాం, లేకపోతే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది. భూమి మీద ఆశ పెట్టుకోకండి. మనుమడి చేతికి వచ్చాక ఆ పొలానికి ఎన్ని పంపకాలు, ఎన్ని అమ్మకాలు, ఎన్ని తాకట్టులు జరిగాయో. ఇప్పుడు దున్నుకుంటున్నవాళ్లు దశాబ్దాలుగా దాని మీదే ఉండి ఉంటారు. స్వాధీనం కోసం దావా వేయడానికి చట్టం మామూలుగా ఇచ్చే గడువు 12 ఏళ్లు. మీది 1887 నాటి కాగితం. ఇది ముందే చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత వీలునామా చేత్తో పట్టుకుని దూరపు చుట్టాల ఇంటికి వెళ్తే వాళ్లకు మొట్టమొదట వచ్చే అనుమానం పొలం గురించే. 'పేర్ల కోసం వచ్చాను, పొలం కోసం కాదు' అని గుమ్మంలోనే చెప్పేయండి. వీలైతే వీలునామా ఇంట్లోనే వదిలి, పాత ఫొటోలు పట్టుకెళ్లండి. ఫొటో చూస్తే నోరు విప్పే పెద్దవాళ్లే స్టాంపు కాగితం చూస్తే 'మాకేం తెలీదు బాబూ' అంటారు.

ఇక అసలు విషయం. వీలునామాలో ఇంట్లో అందరి పేర్లూ ఉండి తీరాలని అనుకుని మీరు చదువుతున్నారు. అందుకే కొడుకు పేరు లేకపోయేసరికి టెన్షన్ పడుతున్నారు. ఆస్తి దానంతట అదే ఎవరికి పోతుందో వాళ్ల గురించి రాయాల్సిన పని లేదు. రాయకపోతే ఎవరికి దక్కకుండా పోతుందో వాళ్ల కోసమే వీలునామా రాస్తారు. కాబట్టి ఒక్కో వాక్యం దగ్గర ఆగి 'ఈ మాట రాయకపోతే ఏమయ్యేది?' అని అడగండి. మీ కాగితంలో చుట్టరికాలన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే ఉన్నాయి.

అలా అడగాలంటే ఆనాటి చట్టం కొంచెం తెలియాలి. మీ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లా. హిందూ కుటుంబాలకు అక్కడ నడిచింది మితాక్షర ధర్మశాస్త్రం. పిత్రార్జితంలో కొడుక్కి, కొడుకు కొడుక్కి పుట్టుకతోనే వాటా వచ్చేది. ఉమ్మడిలో ఉన్న మనిషి తన వాటాను వీలునామాతో బయటివాళ్లకు రాస్తే చెల్లేది కాదు, ఎందుకంటే ఆయన కన్నుమూయగానే ఆ వాటా మిగతా వాటాదారులకు చేరిపోయేది. అందుచేత ఆ కాలంలో మన వైపు ఒక పెద్దాయన వీలునామా రాశాడంటే మొదట తోచాల్సినవి రెండు. కొడుకులు లేక, అన్నదమ్ముల నుంచి విడిపోయినవాడై ఉండాలి, లేదా ఆ ఆస్తి ఆయన సొంతంగా సంపాదించినదై ఉండాలి. మీ నకల్లో 'స్వార్జితం' అనే మాట ఉందా, 'పిత్రార్జితం' అని ఉందా, 'అన్నదమ్ములతో విభాగమై నా భాగానికి వచ్చిన' అని ఉందా చూడండి. మామూలుగా మొదటి పది వరుసల్లోనే ఉంటుంది. పేర్ల కోసం వెతుకుతూ చాలామంది ఆ వరుసలు దాటేస్తారు.

కొడుకు, కొడుకు కొడుకు, ఆ కింద మునిమనుమడు కూడా లేకుండా, వీలునామా లేకుండా ఆయన పోయి ఉంటే ఏమయ్యేది? ఆస్తి ముందు భార్యకు వచ్చేది. అయితే అది ఆవిడ జీవితకాలానికే. అమ్ముకునే స్వేచ్ఛ చాలా తక్కువ. ఆవిడ తర్వాత కూతుళ్లకు, వాళ్ల తర్వాత కూతురి కొడుకులకు. వాళ్లెవరూ లేకపోతే తల్లి, తండ్రి, ఆపైన అన్నదమ్ములు. ఇందులో ఒక మెలిక ఉంది. వితంతువు దత్తత చేసుకుంటే ఈ వరుసంతా తలకిందులైపోయేది. మద్రాసు ప్రెసిడెన్సీలో భర్త అనుమతి ఇవ్వకుండా పోయినా, సపిండుల (భర్త వైపు దగ్గరి జ్ఞాతుల) సమ్మతితో భార్య దత్తత చేసుకోవచ్చని 1868లో రామనాథపురం కేసులో, అప్పట్లో అన్నిటికంటే పై కోర్టు అయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఆ దత్తపుత్రుడు వచ్చాడంటే కూతుళ్లకు, వాళ్ల పిల్లలకు ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు మీ కాగితంలోని ద్వితీయ భార్యను, 'అభిమాన పుత్రుణ్ణి' పక్కపక్కన పెట్టి చూడండి. అభిమాన పుత్రుడంటే ఇంట్లో పెంచుకున్న కుర్రాడు, దత్తత తంతు జరగనివాడు. చట్టం దృష్టిలో వాడికి చిల్లిగవ్వ కూడా రాదు, వీలునామాలో రాస్తే తప్ప. సాధారణంగా ఇలాంటి పిల్లాడు భార్య వైపు చుట్టమే అయి ఉంటాడు, ఆవిడ అన్న కొడుకో అక్క కొడుకో. కొన్నిచోట్ల పెళ్లి లేని సంబంధంలో పుట్టిన బిడ్డకు కూడా ఈ మాటే వాడారు, కాబట్టి ఆ తలుపు కూడా మూయకండి. ఏదైనా, పెద్దాయన ఆ కుర్రాడికి రెండెకరాలు ఇచ్చి, భార్యకు నాలుగెకరాలు జీవితాంతం అని కట్టుదిట్టం చేసి, మిగతాదంతా మనుమడి పేర పెట్టాడంటే, తన వెనక ఆ కుర్రాడు దత్తపుత్రుడై కూర్చుంటాడని భయపడి ఉండవచ్చు. ఇది నా ఊహే. కాగితంలో దత్తత మాట ఎక్కడైనా వచ్చిందేమో చూస్తే బలపడుతుందో, వీగిపోతుందో తెలుస్తుంది. 'దత్తత చేసుకొనుటకు అధికారము లేదు' అనే తరహా వాక్యం ఉంటే మాత్రం దాదాపు తేలిపోయినట్టే.

సరే, మనుమడు. మీ ప్రశ్నంతా ఆయన చుట్టూనే. పాత తెలుగు దస్తావేజుల్లో పౌత్రుడు (కొడుకు కొడుకు), దౌహిత్రుడు (కూతురి కొడుకు) అని విడివిడిగా రాసినవి ఉన్నాయి, అలా రాసి ఉంటే మీకు ఈ గొడవే ఉండేది కాదు. మీ పెద్దాయన ఇంట్లో పిలిచినట్టే 'మనుమడు' అని వదిలేశాడు. కాబట్టి రెండు వైపులా ఏముందో చూద్దాం.

కూతురి కొడుకు అనుకోవడానికి ఉన్న ఆధారం ఇది. కొడుకు చనిపోయి అతని బిడ్డ మిగిలాడనుకుంటే, ఆ బిడ్డ తల్లి ఏమైంది? 1887లో ఒక ఇంట్లో భర్త పోయిన కోడలు ఉంటే, ఆవిడ మనోవర్తికో, ఉండటానికి గదికో వీలునామాలో ఒక్క వాక్యమైనా పడేది. అల్లుడికీ పెంచుకున్న పిల్లాడికీ రాసిన మనిషి కోడల్ని మరిచిపోడు. ఆవిడ కూడా పోయి ఉండవచ్చు, కాదనను. పైగా కొడుకు కొడుకైతే పిత్రార్జితం రాయకపోయినా అతనిదే అయ్యేది. అంత వివరంగా రాసిచ్చారంటే, రాయకపోతే రాని మనిషేమో అనిపిస్తుంది.

కొడుకు కొడుకు అనుకోవడానికి ఉన్న ఆధారాలు కూడా తక్కువేం కాదు. ఒకటి మీ ఇంటిపేరు. కూతురి కొడుక్కి తండ్రి ఇంటిపేరు రావాలి, తాతది కాదు. రెండోది గార్డియన్ వాక్యం. 'నా అల్లుడు' బతికే ఉన్నాడు, పొలం కూడా తీసుకున్నాడు. ఆ పిల్లాడు అతని కొడుకే అయితే తండ్రి ఉండగా వేరే మనిషిని గార్డియన్‌గా పెట్టడం ఎందుకు? తండ్రి లేని పిల్లాడికైతే సహజంగానే కావాలి. ఈ వాక్యం మీ ఇంట్లో చెప్పుకునే మాటకే బలమిస్తోంది.

అయితే దీనికీ వేరే లెక్క ఉండవచ్చు. కూతురి పేరే లేదన్నారు కదా. ఆవిడ అప్పటికే పోయి, అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే, మనుమడి ఆస్తి అల్లుడి చేతుల్లోకి వెళ్లి రెండో సంసారానికి ఖర్చవుతుందని పెద్దాయన జంకి ఉంటాడు. అల్లుడికి మూడెకరాలు ముట్టజెప్పి, మిగతాదాని మీద పెత్తనం నమ్మకస్తుడికి అప్పగించడం ఆ రోజుల్లో వినని సంగతి కాదు. ఇంటిపేరుకూ ఇలాగే మరో దారి ఉంది. మీది ఏ సామాజిక వర్గమో మీరు రాయలేదు. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఇల్లరికాన్ని మద్రాసు కోర్టులు ఆచారంగా ఒప్పుకున్నాయి. ఇల్లరికం వచ్చిన అల్లుడికి మామగారి ఆస్తిలో కొడుకులాంటి హక్కు ఉండేది, పుట్టింటి హక్కూ పోయేది కాదు. అలాంటి ఇళ్లలో పిల్లలకు ఊళ్లో తాత ఇంటిపేరే అంటుకుపోయిన సందర్భాలు ఉంటాయి. ఆస్తితో పాటు పేరు కూడా వచ్చేస్తుంది.

ఇంకో చిక్కు. 'అల్లుడు' కూతురి భర్తే అని మీరు ఎలా నిర్ధారించుకున్నారు? మేనల్లుణ్ణి కూడా అల్లుడనే అంటాం. అక్క కొడుక్కే కూతుర్నిచ్చే ఇళ్లలో ఒకే మనిషి రెండు రకాలుగానూ అల్లుడే. అందుకని మీ చార్టులో ఆయన్ని పెద్దాయనకు కలిపే గీత ప్రస్తుతానికి చుక్కల గీతగానే ఉంచండి, పక్కన 'కూతురి భర్తా, అక్కచెల్లెళ్ల కొడుకా, రెండూనా' అని రాసుకోండి.

వేరే ఇంటిపేరున్న తమ్ముడు మాత్రం మీరనుకున్నంత వింత కాదు. పెద్దమ్మ కొడుకైనా, పిన్ని కొడుకైనా తమ్ముడే కదా, ఇంటిపేరు వేరుగానే ఉంటుంది. లేదా ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే అయి, ఒకరు దత్తు వెళ్లి ఉండాలి. దత్తు వెళ్లింది ఆ తమ్ముడే అని వెంటనే అనుకోకండి. మీ పెద్దాయనే వేరే ఇంటి నుంచి ఈ ఇంటికి దత్తు వచ్చి ఉండవచ్చు. అప్పుడు మీ ఇంటిపేరు ఆయనతో ఈ శాఖలోకి వచ్చిందన్నమాట, ఆయన రక్తం వాళ్లంతా తమ్ముడి ఇంటిపేరు వైపు ఉంటారు. ఎలా చూసినా గార్డియన్‌గా ఇలాంటి తమ్ముణ్ణి ఎంచుకోవడం తెలివైన పనే. విడిపోయిన సొంత అన్నదమ్ముడైతే, ఆ పిల్లాడు పోతే ఆస్తి దక్కేవాళ్ల వరుసలో అతను కూడా ఉంటాడు. వేరే ఇంటిపేరు వాడికి అలాంటి ఆశ ఉండదు.

ఇలా ఎంత తర్కించినా ఈ ఒక్క కాగితంతో ముడి విడదు. విప్పే కాగితం ఏదో చెప్తాను. అది పెద్దాయన రాసినది కాదు, మీ ముత్తాత రాసినది.

1875 మెజారిటీ చట్టం ప్రకారం అప్పట్లో మైనారిటీ 18 ఏళ్లతో తీరేది, కోర్టు గార్డియన్‌ని పెట్టి ఉంటే 21తో. అంటే 1887లో మైనరైన మీ ముత్తాత 1869కి ఇటువైపే పుట్టాడు, 1908 లోపు మేజరైపోయాడు. మేజరైన కొత్తలో చాలామంది ఏదో ఒక దస్తావేజు రాస్తారు. గార్డియన్ చేసిన అప్పు తీర్చడానికో, పెళ్లి ఖర్చుకో, సవతి అమ్మమ్మతోనో సవతి నాయనమ్మతోనో రాజీకో. ఆ దస్తావేజు మొదటి వరుసలో 'ఫలానా వారి కుమారుడు ఫలానా' అని ఉంటుంది. ఆ ఒక్క తండ్రి పేరు దొరికితే మీ పని సగం కాదు, మూడొంతులు అయిపోయినట్టే. అదీకాక, ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే చోట 'మా మాతామహులు' అనో 'మా తాతగారు' అనో రాస్తూ 1887 వీలునామా ప్రస్తావన తెస్తారు. మాతామహుడంటే అమ్మ తండ్రి, ఇక సందేహం ఉండదు.

వెతకడం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో. ఇక్కడ చాలామంది పొరబడేది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) దగ్గర. ఈసీలో వీలునామాలు కనపడవు. స్థిరాస్తి అమ్మకాలు, తాకట్టులు ఒకటో నంబరు పుస్తకంలోకి వెళ్తాయి, ఈసీ దాన్నుంచి వస్తుంది. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి, దానికి వేరే ఇండెక్సు. రాసిన మనిషి బతికున్నంత కాలం దాని నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా ఇవ్వవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. 'మీకేం సంబంధం?' అని కౌంటర్లో ఎవరైనా అడిగితే మర్యాదగా ఆ సెక్షన్ నంబరు గుర్తుచేయండి. మీ నకలు మీద పుస్తకం, వాల్యూమ్, పేజీ నంబర్లు ఉంటే పని తేలిక. ఏమీ లేకపోతే అసలు రిజిస్టరే కాకపోయి ఉండవచ్చు, వీలునామాకు రిజిస్ట్రేషన్ అప్పుడూ తప్పనిసరి కాదు, ఇప్పుడూ కాదు. సాక్షి సంతకాలు లేవని కూడా కంగారు పడకండి. 1870 హిందూ వీలునామాల చట్టం మన ప్రెసిడెన్సీలో మద్రాసు నగరానికే పరిమితం. గోదావరి జిల్లా పల్లెలో నోటిమాటగా చెప్పిన వీలునామా కూడా ఆనాడు చెల్లేది.

ముత్తాత దస్తావేజుల కోసం ఒకటో పుస్తకం ఇండెక్సులు చూడాలి. ఒకటి మనుషుల పేర్లతో ఉంటుంది, ఇంకొకటి ఊళ్లవారీగా, ఆస్తి వివరాలతో ఉంటుంది. మీరు ఊరి ఇండెక్సు పట్టుకోండి. పేర్ల ఇండెక్సులో ఇంటిపేరు కింద రాశారా, అసలు పేరు కింద రాశారా అన్నది గుమాస్తా ఇష్టం. కంప్యూటర్లో దొరికేవి 1980ల నుంచి వచ్చిన లావాదేవీలు. మీకు కావాల్సిన కాలానికి చేత్తో రాసిన వాల్యూములే గతి. సబ్ రిజిస్ట్రారు దగ్గర లేకపోతే జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. జిల్లాల పేర్లతో తికమక పడొద్దు. తణుకు తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తర్వాత కృష్ణా జిల్లా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. ఒకే మనిషి రాసిన మూడు కాగితాల్లో మూడు జిల్లాలు కనిపిస్తే, ఊరు మారాడనుకుని ముగ్గురు మనుషుల్ని తయారు చేసేవాళ్లు ఉన్నారు.

ఆఫీసులకు తిరిగే ముందు మీ దగ్గరున్న నకలు వెనక పేజీ చదవండి. మీ ఉత్తరంలో దాని మాటే లేదు కాబట్టి చదవలేదనే అనుకుంటున్నాను. రిజిస్టరైన కాగితమైతే ఎవరు దాఖలు చేశారు, ఏ తేదీన, గుర్తించినవాళ్లు ఎవరు అని అక్కడ ఉంటుంది. గుర్తించినవాళ్లకు తండ్రి పేరు, వృత్తి, ఊరు రాస్తారు, వాళ్లు చాలాసార్లు వియ్యంకులో, బావమరుదులో అయి ఉంటారు. దాఖలు చేసింది పెద్దాయన కాకుండా ఇంకెవరైనా అయితే ఆయన అప్పటికే పోయాడని అర్థం, మరణం ఏ రెండు తేదీల మధ్య జరిగిందో తెలిసిపోతుంది. కింద 'దస్తూరి' అని ఉన్న పేరు రాసిన మనిషిది, ఎక్కువగా ఊరి కరణం. ఆయన్ని చుట్టాల్లో కలపకండి. తెలుగు తేదీ ఇచ్చి ఉంటే సరిచూసుకోండి. 1887 ఉగాది నుంచి సర్వజిత్తు నామ సంవత్సరం. కాగితం మీద అంతకుముందున్న వ్యయ అని ఉంటే ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో రాసినదన్నమాట. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) వేసి ఉంటే 590 కలపండి: 1297 ఫసలీ అంటే 1887 జులై నుంచి 1888 జూన్ దాకా.

భూమిలో ఇనాం (శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన మాన్యం) ఏమైనా ఉంటే మీ పంట పండినట్టే. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ ప్రతి ఇనాందారునూ విచారించి రిజిస్టర్లు రాయించింది. అప్పటి హక్కుదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందిన మనిషికి ఇతను ఏమవుతాడు, వారసులెవరు అని వాటిలో వేర్వేరు గడులున్నాయి. మీ పెద్దాయన దత్తు వచ్చాడా లేదా అన్నది బయటపడగల చోటు ఇదే. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లోనూ, కలెక్టరేట్ల రికార్డు రూముల్లోనూ 'ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు' అనే పేరుతో వీటిని అడగవచ్చు. రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే మామూలు రైతువారీ భూమైతే, శిస్తు నిర్ణయించినప్పుడు రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు మాత్రమే దొరుకుతుంది, చుట్టరికం దొరకదు. కరణాల ఇళ్లలో ఉన్న పాత గ్రామ లెక్కల మీద పెద్దగా ఆశ వద్దు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక అప్పగించినవి కొన్ని, అటకల మీద చెదలు తిన్నవి కొన్ని.

తగాదా జరిగి ఉంటే అదృష్టవంతులు. ఆస్తి దావాల్లో వాది తన హక్కు చెప్పుకోవడానికి వంశవృక్షం గీసి పెడతాడు, ప్రతివాది అందులో తప్పులు పడతాడు. మనకు రెండు వైపుల కథా దొరుకుతుంది. పిఠాపురం జమీందారు గంగాధర రామారావు గారికి ముందు దత్తపుత్రుడు, ఆ తర్వాత 1885లో సూర్యారావు గారు పుట్టారు. జమీందారీ వీలునామాతో సూర్యారావు గారికి దక్కడంతో దత్తపుత్రుడు కోర్టుకెక్కాడు. 1899లో ప్రీవీ కౌన్సిల్ వీలునామా చెల్లుతుందని తేల్చింది. ఆ ఇంటి చుట్టరికాలు తీర్పులోకి ఎక్కాయి. మీది నలభై యాభై ఎకరాల ఇల్లయినా సరే, ద్వితీయ భార్య, పెంచుకున్న కుర్రాడు, మైనరు మనుమడు ముగ్గురూ ఉన్నచోట దావా పడకపోవడమే ఆశ్చర్యం. ఆవిడ పోయాక ఆ నాలుగెకరాల కోసమైనా పడి ఉంటుంది.

ఆడవాళ్ల పేర్లు కాగితాల్లో దొరక్కపోతే తద్దినాల్లో అడగండి. మీ ఇంట్లో ఆబ్దికం పెట్టే ఆచారం ఉంటే తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లు కూడా చెబుతారు. మీ ముత్తాత పెట్టిన తద్దినాల్లో ఎవరి పేరు తండ్రిగా వచ్చిందో చెప్పగల పురోహితుల కుటుంబం ఇంకా ఉందేమో విచారించండి. ఎవరైనా కాశీకో గయకో వెళ్లి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే యాత్రికుల వివరాలు రాసే పుస్తకాల్లో, వచ్చినవాళ్ల తండ్రి తాతల పేర్లు, ఊరు రాసి ఉండే అవకాశం ఉంది. ద్వితీయ భార్య ఎప్పుడు పోయిందో తెలుసుకోవడానికి జనన మరణాల రిజిస్టర్లు చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం 1899లో వచ్చింది.

వీటన్నిటికంటే ముందు ఖర్చులేని పని ఒకటుంది. మన వైపు మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం రివాజు. మీ ముత్తాత తన పెద్ద కొడుక్కి ఏం పేరు పెట్టాడు? మీ తాతగారే పెద్దవాడైతే ఆయన పేరు, కాకపోతే ఆయన అన్నగారి పేరు. అది వీలునామాలోని అల్లుడి పేరే అయితే మీరు కూతురి వైపు వాళ్లనే అనుమానం బాగా బలపడుతుంది. పెద్దాయన పేరు అయితే అటూ ఇటూ కాదు, ఎందుకంటే ఆస్తి ఇచ్చిన తాత పేరు కూడా పెడతారు. రెండూ కాకుండా మూడో పేరు అయితే ఆ మూడో పేరే చనిపోయిన కొడుకుదేమో, దాన్ని పట్టుకుని ఒకటో పుస్తకం ఇండెక్సులో 1887కి ముందు సంవత్సరాలు తిరగేయండి. ఆ పేరేమిటో, నకలు వెనక పేజీలో ఏముందో రాసి పంపితే, ఎక్కడ వెతకాలో ఇంతకంటే కచ్చితంగా చెప్పగలను.